గోదావరి డెల్టాలో ఇల్లు కట్టినా, పాతిల్లు బాగు చేయించినా: ప్లంబింగ్, ఏసీ, లిఫ్టు కాంట్రాక్టర్‌ని పెట్టుకునే ముందూ తర్వాతా చేయాల్సిన పనులు

ఇల్లు మొదలెట్టేటప్పుడు మనవాళ్లు వాస్తు సిద్ధాంతి గారిని నాలుగుసార్లు పిలుస్తారు, టైల్స్ కోసం తణుకూ రాజమండ్రీ తిరుగుతారు, ముందు ఎలివేషన్ కోసం నెల రోజులు ఆలోచిస్తారు. పైపులైన్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం "మేస్త్రీ గారే ఎవరినో తీసుకొస్తారులెండి, మనోడే, చూసుకుంటాడు" అని వదిలేస్తారు. రేపు ఇంట్లో పాడైతే ఎక్కువ బాధపెట్టేది ఆ పనే, ఎందుకంటే అది గోడలోనూ గచ్చు కిందా ఉంటుంది, బాగు చేయాలంటే టైల్స్ పగలగొట్టాలి. అందుకే ఇదంతా రాస్తున్నా. చివరిదాకా ఒకటే మాట గుర్తుపెట్టుకోండి, గోడ మూసే లోపు ఏం అడగాలో ఏం చూడాలో అదంతా అయిపోవాలి, మూసేశాక ఎంత పెద్ద కాంట్రాక్టరైనా చేయగలిగింది తక్కువే.

మెకానికల్ పనులు అంటే ఇక్కడ నీళ్ల లైన్లు, డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకు, బోరు మోటారు, సంపు, ఏసీ పైపులు, ఎగ్జాస్ట్, లిఫ్టు, పెద్ద బిల్డింగ్ అయితే ఫైర్ లైను. మన ఊళ్లలో ఇవన్నీ ఒక్కడే చేసే కాంట్రాక్టర్లు తక్కువ, ప్లంబరు వేరు, ఏసీ మెకానిక్ వేరు, లిఫ్టు కంపెనీ వేరు, కాబట్టి వీళ్ల ముగ్గురి మధ్యా ఎవరి పని ఎక్కడ ఆగుతుందో చెప్పాల్సింది ఇంటి ఓనరే లేదా ఆయన పెట్టుకున్న ఇంజనీరే.

1. కాంట్రాక్టర్‌ని పిలవక ముందే లెక్క వేసుకోండి

నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంట్లో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు లెక్క. ఐదుగురుంటే 675, అంటే 1000 లీటర్ల ట్యాంకు ఒక రోజుకి సరిపోతుంది, చుట్టాలొచ్చే ఇల్లైతే 2000 పెట్టుకోవాలి. దీనికి మన డెల్టాలో ఇంకో సంగతి కలుస్తుంది, ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు కుళాయి నీళ్లు రోజూ వస్తాయన్న నమ్మకం ఉండదు, సంపు (భూమిలో కట్టే నీళ్ల తొట్టి) కనీసం రెండు మూడు రోజులకి సరిపోయేలా చూసుకోండి.

తర్వాత ట్యాంకు ఎత్తు. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చేది దాదాపు 1 బార్ ప్రెషర్. పై అంతస్తు బాత్రూం షవర్‌కీ ట్యాంకు నీటి మట్టానికీ మధ్య 3 మీటర్లే ఉంటే మీకొచ్చేది 0.3 బార్. షోరూంలో చూసి ముచ్చటపడి కొన్న పెద్ద రెయిన్ షవర్ దాంతో సన్నగా కారుతుంది అంతే. ప్రెషర్ పంపు పెడతారా, ట్యాంకు ఇంకా పైకి లేపుతారా అన్నది ఇప్పుడే తేలాలి, ఎందుకంటే పైపు సైజు దాన్ని బట్టే మారుతుంది.

బోరు ఈశాన్యం, సెప్టిక్ ట్యాంకు వాయవ్యం అని సిద్ధాంతి గారు చెప్తారు, సంతోషమే, ఆ రెండూ వీలైనంత దూరంగా ఉండటం నీళ్లకి కూడా మంచిదే. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంట తాగునీటి బోరుకి 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్ల దూరం ఉండాలని ఇండియన్ స్టాండర్డ్ చెప్తుంది. కోనసీమలో ఐదారు సెంట్ల స్థలాల్లో ఇది దొరకడం కష్టం, మీ బోరు సరిపోయినా పక్కింటి బోరు అడ్డొస్తుంది. అలాంటి చోట ఆ బోరు నీళ్లు తాగడానికి వాడకండి, వాడకానికే ఉంచుకుని తాగేదానికి పంచాయతీ కుళాయి లైను విడిగా వంటింటికి వేయించుకోండి.

బోరు నీళ్లని పైపులు కొనక ముందే టెస్టు చేయించండి. సముద్రం వైపు మండలాల్లో, రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు, మంచినీళ్లు పైపైన ఒక పొరలా ఉండి కింద ఉప్పునీళ్లు ఉంటాయి, ఇంకో వంద అడుగులు దింపితే బాగుంటాయి అన్న మాట అక్కడ నమ్మకండి. తాగే నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. అంతకంటే ఎక్కువుంటే గీజర్ కాయిలూ కుళాయిలూ తొందరగా పోతాయి, ఆ లెక్కతోనే ఫిట్టింగులు ఎంచుకోవాలి.

2. పర్మిషన్లు

ఇది పెద్దగా సాగదీయను. బోరు వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కిందకి వస్తుంది, రిజిస్ట్రేషన్ ఉన్న రిగ్గుతోనే వేయించండి. 18 మీటర్ల ఎత్తు దాటే అపార్ట్‌మెంటుకీ, 15 మీటర్లు దాటే కమర్షియల్ బిల్డింగుకీ ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ కావాలి, కల్యాణ మండపం, స్కూలు లాంటి జనం చేరే వాటికి తక్కువ ఎత్తులోనే అడుగుతారు. అలాంటివి కట్టేవాళ్లు ఫైర్ లైను కాంట్రాక్టర్‌ని స్లాబు పడక ముందే పెట్టుకోవాలి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కోనసీమలో పొలాల కిందనుంచి గ్యాస్ పైపులైన్లు పోతున్నాయి, 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. పైపులైను కోసం తీసుకున్న పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావీ ట్యాంకూ తవ్వకూడదు, చెట్లు పెట్టకూడదు అని 1962 చట్టమే ఉంది. మీ స్థలంలో గానీ పక్కన గానీ మార్కర్ రాళ్లు కనిపిస్తే సెప్టిక్ ట్యాంకుకి పొక్లెయిన్ దింపే ముందు ఆ మార్కర్ మీదున్న నంబరుకి ఫోన్ చేసి మనిషిని పిలిపించండి.

3. కాంట్రాక్టర్ దగ్గర ఏం ఉండాలి

పాన్ కార్డు, బ్యాంకు అకౌంటు, పని చేసిన చోట్ల బిల్లులు, ఇవి కనీసం. సర్వీసుల్లో ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సామాను కలిపి కాంట్రాక్టుకిస్తే 18 శాతం జీఎస్టీ పడుతుంది, అదే మీ సొంతానికి ఒక్క ఇల్లు కొత్తగా కట్టుకుంటూ సామాను మీరే కొనిచ్చి లేబర్ మాత్రమే ఇస్తే ఆ లేబర్ మీద జీఎస్టీ లేదు, ఈ తేడా తెలియక అనవసరంగా కట్టినవాళ్లున్నారు. పాతింటి రిపేర్లకి ఈ మినహాయింపు రాదు.

మనుషులు 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఈఎస్‌ఐ, 20 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పీఎఫ్ ఉండాలి. చిన్న ప్లంబర్‌కి ఇవేవీ ఉండవు, అది తప్పు కాదు, కానీ ఆయన మనుషులకి యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి. లేకపోతే మీ పని జరిగినన్నాళ్లకి మీరే తీయించండి, ఖర్చు తక్కువ. మూడో అంతస్తు బయట గోడకి పైపు బిగించే కుర్రాడు ఎవరింటి బిడ్డో ఆలోచించండి, బెల్టు లేకుండా ఎక్కనివ్వద్దు. మోటారు స్టార్టరు, ఏసీ పాయింట్లు, గీజర్ లైను లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ పని, ప్లంబర్ చేత కలిపించకండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆయన మూడు నాలుగేళ్ల క్రితం చేసిన ఇల్లు ఒకటి చూపించమనండి, నిన్న పూర్తైంది కాదు. ఆ ఇంటికెళ్లి బాత్రూం బయట గోడ కింది భాగం చూడండి, పెయింటు పొక్కులు లేచిందా, ఉప్పు పూసిందా. కింది అంతస్తు సీలింగ్‌లో బాత్రూం కింద మరకలున్నాయా. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని రెండు నిమిషాలు నిలబడండి, డ్రైనేజీ వాసన వస్తే నహానీ ట్రాప్‌లో (గచ్చు మీద జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నెలో) నీళ్లు నిలవట్లేదని అర్థం, అక్కడ 50 మిల్లీమీటర్ల నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఆ ఇంటి అమ్మగారిని అడిగితే ఓనరు గారు చెప్పనివి కూడా చెప్తారు.

4. కొటేషన్, అగ్రిమెంటు

"బాత్రూంకి ఇంత" అని నోటి మాట రేటు చెప్తే ఆ పేపరు పనికిరాదు. ఏ లైను ఏ పైపు, ఏ సైజు, ఏ బ్రాండు, ఎన్ని పాయింట్లు, టెస్టింగ్ ఎవరు చేస్తారు, గోడ కొట్టిన తర్వాత పూడ్చేది ఎవరు, చెత్త ఎత్తేది ఎవరు, ఇవన్నీ విడివిడిగా రాయించండి. వేడినీళ్ల లైనుకి సీపీవీసీ, దాని ఐఎస్ నంబరు 15778. చన్నీళ్లకి యూపీవీసీ వాడొచ్చు గానీ గీజర్ నుంచి వచ్చే ముక్క ఒక్క అడుగైనా యూపీవీసీ ఉండకూడదు, మెత్తబడి జాయింటు వదులుతుంది. డ్రైనేజీ ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాడిన నీళ్లు, వాన నీళ్లు పోయే) పైపుకి ఐఎస్ 13592, భూమిలో పోయే డ్రైనేజీకి ఐఎస్ 15328. ఈ నంబర్లు పైపు మీదే అచ్చేసి ఉంటాయి, సామాను దిగిన రోజు ఒక్కో లెంగ్త్ తిప్పి చదవండి, సిగ్గుపడాల్సిన పని లేదు. సొల్యూషన్ డబ్బాలు కూడా చూడండి, సీపీవీసీది వేరు యూపీవీసీది వేరు, ఒకే డబ్బా రెండిటికీ పూసే అలవాటు చాలామందికి ఉంది.

డబ్బులు ఇలా విడగొట్టండి: సామాను మీదైతే అడ్వాన్సు 10 శాతం, గోడలో పైపులు వేసి టెస్టు పాసయ్యాక 40, డ్రైనేజీ, చాంబర్లు అయ్యాక 25, ఫిట్టింగులు బిగించాక 20, చివరి 5 ఆపుకోండి. టెస్టు పాసయ్యాక అన్న మాట అగ్రిమెంటులో కచ్చితంగా ఉండాలి, మొత్తం అగ్రిమెంటులో నాకు ముఖ్యమైన లైను అదే. కోతలప్పుడూ సంక్రాంతికీ మనుషులు దొరకరు, మూఢంలో కొత్త పని మొదలెట్టరు, కాబట్టి గడువు రాసేటప్పుడు ఆ రోజులు తీసేసి రాయండి, లేకపోతే ఆ గడువు ఇద్దరూ నమ్మని గడువవుతుంది.

5. భూమి కింద పని, మన డెల్టాలో అసలు కష్టం ఇదే

రేగడి మట్టి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. పైగా పల్లపు స్థలాన్ని మెరక చేసి కడతాం, ఆ మెరక మట్టి రెండు మూడేళ్లు కూర్చుంటూనే ఉంటుంది. అందులో పైపుని నేరుగా పెడితే మట్టితో పాటే కుంగుతుంది, వాలు తిరగబడి నీళ్లు వెనక్కి నిలుస్తాయి. కాబట్టి పైపు కింద నాలుగైదు అంగుళాలు, చుట్టూ, పైనా ఇసుక వేయించాలి, మెరక మట్టిని నీళ్లు పెట్టి దిమ్మిస చేయించాకే కాలవ తవ్వాలి. కమోడ్ నుంచి వచ్చే 110 ఎంఎం పైపుకి 40 అడుగులకి 1 అడుగు వాలు పెట్టండి. ఇంటి వెనక నుంచి రోడ్డు దాకా 60 అడుగులుంటే అడుగున్నర దిగుతుంది, రోడ్డు కాలవ అంతకంటే పైనుంటే ఏం చేస్తారు? అందుకే బేస్‌మెంటు ఎత్తు నిర్ణయించే రోజే ప్లంబర్‌ని లెవెల్ ట్యూబుతో పిలవాలి, రోడ్డు ఇంకో అర అడుగు లేస్తుందని కూడా లెక్కేసుకోండి, ప్రతి రోడ్డూ లేస్తూనే ఉంది కదా.

సెప్టిక్ ట్యాంకు. వానాకాలం మన దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఖాళీ ట్యాంకు చుట్టూ నీళ్లు చేరితే అది తేలుతుంది, మునిగిన ప్రతి 1000 లీటర్లకీ టన్ను బరువుతో పైకి నెడుతుంది. రెడీమేడ్ ఫైబర్ ట్యాంకు పెట్టేవాళ్లు అడుగున కాంక్రీటు బెడ్డు వేసి దానికి బిగించి, చుట్టూ మట్టి పోసేటప్పుడే లోపల నీళ్లు నింపుతూ రావాలి. ఇటుకల ట్యాంకైతే అడుగు కాంక్రీటు తప్పదు. అడుగు వేయకుండా వదిలేస్తే నీళ్లు ఇంకిపోతాయి, మురుగు ఎత్తించే పని ఉండదు అని కొందరు మేస్త్రీలు చెప్తారు, ఒప్పుకోవద్దు, ఆ మురుగు నేరుగా మీ వీధి మొత్తం తాగే నీళ్లలో కలుస్తుంది. ఇంకుడు గుంట కూడా లోతుగా కాకుండా తక్కువ లోతులో వెడల్పుగా, మెరక మీద చేయించండి.

సంపు విషయంలో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. అందరూ నీళ్లు నింపి బయటికి కారుతుందా అని చూస్తారు. మన దగ్గర బయట నీళ్లే ఎత్తులో ఉంటాయి కాబట్టి సంపు ఖాళీ అయినప్పుడు బయట మురుగు లోపలికి ఊరుతుంది. అందుకే రెండు టెస్టులూ చేయించాలి. నింపి ఒక రోజు, తర్వాత పూర్తిగా తోడేసి, తుడిచి, లైటేసి గోడలు చూడాలి. మూల దగ్గర చెమ్మ గీత కనిపించినా వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయాలి. వానాకాలంలో చూస్తే ఇంకా మంచిది.

లిఫ్టు పెట్టాలనుకుంటే అదే తలనొప్పి. మామూలు లిఫ్టుకి గొయ్యి నాలుగైదు అడుగులు కావాలి, అంటే మన వైపు నీళ్లలో తవ్వుతున్నట్టే. గొయ్యి అడుగూ గోడలూ కాంక్రీటుతో పోయించాలి, ఇటుకతో కట్టి ప్లాస్టింగ్ చేస్తే ఆగదు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ల కోసమైతే అర అడుగు నుంచి అడుగు గొయ్యితో సరిపోయే హోం లిఫ్టులున్నాయి, వాటివైపే చూడండి. లిఫ్టు కంపెనీ డ్రాయింగ్ చేతికొచ్చే దాకా పునాది మొదలెట్టకండి.

6. గోడలో పైపులు, టెస్టు

కట్టర్‌తో గాడి కొట్టేటప్పుడు నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డ గాడి ఆరో వంతు. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా అంగుళంన్నర కొట్టేస్తుంటే ఆపండి. బీము, పిల్లరు ముట్టుకోనివ్వద్దు, పైపు వెళ్లాలంటే స్లాబు పోయక ముందే స్లీవు (పైపు దూరే గొట్టం) పెట్టించాలి.

టెస్టు ఎలా చూడాలో వివరంగా చెప్తా. చివరి జాయింటు అతికించి 24 గంటలు ఆగాలి. కుళాయి పాయింట్లన్నిటికీ డమ్మీలు బిగించి, అన్నిటికంటే పైనున్న పాయింటు కొంచెం వదులు చేసి నీళ్లు ఎక్కిస్తూ గాలి పూర్తిగా పోనివ్వాలి, గాలి బుడగలు ఆగి నీళ్లు ధారగా వచ్చాక బిగించాలి. ఇప్పుడు చేతి పంపుతో మామూలు ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు తగ్గకుండా ఎక్కించాలి, ఇళ్లలో 6 నుంచి 10 కేజీల (ఒక కేజీ అంటే దాదాపు ఒక బార్) మధ్య పెడతారు. గేజు అద్దం మీద ముల్లు ఉన్నచోట మార్కర్‌తో గీత గీసి టైము కనిపించేలా ఫోటో తీయండి. కనీసం రెండు గంటలు. మొదటి పది నిమిషాల్లో కాస్త దిగితే కంగారు పడకండి, మిగిలిన గాలి సర్దుకుంటుంది, మళ్లీ ఎక్కించి చూడండి. దిగుతూనే ఉంటే పొడి టిష్యూ పేపరు ప్రతి జాయింటుకీ చుట్టి తడి ఎక్కడ తేలుతుందో చూడాలి. టైల్స్ వేసేదాకా లైనులో ప్రెషర్ ఉంచేయమనండి, టైల్స్ మేస్త్రీ మేకు దింపితే వెంటనే తెలుస్తుంది.

బాత్రూం సంకెన్ భాగం (పైపుల కోసం స్లాబు కిందకి దించిన చోటు) వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక డ్రైన్ మూసి నీళ్లు నిలబెట్టి 24 గంటలు ఉంచి కింద స్లాబు చూడాలి. తర్వాత గోడలన్నిటికీ టేపు పెట్టి ఫోటోలు తీయండి, ఏ మూల నుంచి ఎన్ని అంగుళాల్లో పైపు ఉందో తెలిసేలా. అద్దం బిగించే రోజు ఆ ఫోటో విలువ తెలుస్తుంది.

7. ఏసీ

గోడలో వేసే కాపర్ పైపుకి మధ్యలో జాయింటు ఉండకూడదు, మందం 0.8 ఎంఎం అడగండి. ప్లాస్టింగ్‌కి ముందు నైట్రోజన్ ఎక్కించి రాత్రంతా ఉంచి చూడాలి. కొందరు మెకానిక్‌లు దగ్గర్లో దొరుకుతుందని ఆక్సిజన్ సిలిండర్‌తో టెస్టు చేస్తారు, కంప్రెసర్ ఆయిల్‌కి ఆక్సిజన్ తగిలితే పేలుతుంది, అలాంటివాణ్ణి వెంటనే పంపించేయండి. ఇప్పుడొచ్చే ఏసీల్లో ఎక్కువ ఆర్32 గ్యాసు, దానికి కాస్త మండే గుణం ఉంది, కాబట్టి వాక్యూమ్ పంపు తేకుండా గ్యాసుతోనే గాలి తోసేసే మెకానిక్ వద్దు.

మన గాలిలో తేమ ఎక్కువ, ఏసీ నీళ్లు ధారగా వస్తాయి. డ్రైను పైపు మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు వాలుతో, మధ్యలో ఎక్కడా కిందకి వంగకుండా పోవాలి, ట్రాప్ లేకుండా బాత్రూం డ్రైనేజీలో కలపకూడదు. సముద్రం దగ్గర ఊళ్లలో అవుట్‌డోర్ యూనిట్ స్టాండు, బోల్టులు మామూలు ఇనుమువైతే తొందరగా తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి, ఇటుక గోడకైతే బోల్టు అవతలికి దిగి ప్లేటు పడాలి. తుఫాన్ల ప్రాంతం మనది, 1996 నవంబరు చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

8. పాతిల్లు బాగు చేయించేటప్పుడు

మండువా లోగిళ్లు, సున్నం గోడల ఇళ్లలో గాడి కొట్టనివ్వకండి, పైపులు బయట గోడ మీద క్లాంపులతో తీసుకెళ్లి పెట్టెలా మూయించడమే మంచిది. పాత జీఐ పైపుకి కొత్త సీపీవీసీ అతికించి సగం సగం మార్చే పని పెట్టుకోకండి, లోపల తుప్పు కొత్త కుళాయిల్లోకి వస్తూనే ఉంటుంది, మారిస్తే ట్యాంకు దగ్గర్నుంచి మొత్తం మార్చండి.

పాత స్లాబు మీద కొత్త బాత్రూం పెట్టాలంటే బరువు చూడాలి. 5 అడుగులకి 8 అడుగుల బాత్రూంలో 9 అంగుళాలు ఇటుక ముక్కలు నింపితే దాదాపు టన్నున్నర పడుతుంది, ముప్పై ఏళ్ల స్లాబు దానికోసం పోసింది కాదు. గోడకి బిగించే కమోడ్ పెట్టి, పైపు వెనక గోడలోంచి నేరుగా బయటికి తీస్తే నింపే పని చాలా తగ్గుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించకుండా మాత్రం మొదలెట్టొద్దు.

పాత సెప్టిక్ ట్యాంకు మూత తీసి మనిషిని దింపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రక్షణ ఏర్పాట్లు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, లోపలి గ్యాసుకి ఒకరి వెనక ఒకరు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఎన్నో. మెషీన్ ట్యాంకర్‌నే పిలవండి, "ఒక్క నిమిషంలో చూసొస్తానండి" అని కూలీ ముందుకొచ్చినా ఆపండి.

9. అప్పగింత

చివరి చెక్కు రాసే ముందు చేతికి రావాల్సినవి: పైపులు నిజంగా ఎటు పోయాయో చూపించే డ్రాయింగు, టెస్టు ఫోటోలు, మోటారు, గీజర్, ఏసీల బిల్లులూ వారంటీ కార్డులూ. ప్రతి వాల్వుకీ పేరు రాసిన బిళ్ల కట్టించండి, ఇంట్లో ఉండే ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా మెయిన్ వాల్వు ఎక్కడుందో, ఎలా కట్టేయాలో చూపించమనండి. గీజర్ లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) టెస్టు బటన్ నొక్కి పడుతుందో లేదో చూడండి. ఆపుకున్న 5 శాతం మాత్రం గృహప్రవేశం రోజు ఇవ్వకండి, ఒక వానాకాలం పూర్తిగా దాటి, సంపు, లిఫ్టు గొయ్యి, బయట గోడలు మళ్లీ ఒకసారి కాంట్రాక్టర్‌తో కలిసి చూశాక ఇవ్వండి.